తెలియని సంగతే మాట్లాడండి

“తెలిస్తే మాట్లాడు, లేకపోతే నోరు మూసుకుని విను” అని చెప్పి మనల్ని పెంచారు. సైన్సు, ప్రపంచ రాజకీయాలు, ఇంట్లో వాడే యంత్రాలు... ఈ మూడింటి విషయంలో ఆ మాట పక్కన పెట్టేయండి. తెలియని సంగతి మీదే నోరు విప్పండి. అదీ గట్టిగా, నలుగురికీ వినపడేలా. తెలిసినవాళ్లే మాట్లాడాలని పట్టుబడితే గుంటూరులోనో నల్గొండలోనో ఒక టీ కొట్టు దగ్గర చంద్రుడి ఊసెత్తే అర్హత ఎవరికీ ఉండదు. అలాగని ఆ సంగతి మన బుర్రలోకి రాకుండా పోతుందా? ఫోన్లో ఎవరో పంపిన ముక్క చదువుతాం, నిజమే కాబోలు అనుకుంటాం, లోపల దాచుకుంటాం. పైకి అనేసిన తప్పునైతే పక్కనున్న మనిషి పట్టుకుని సరిచేస్తాడు. లోపల దాచుకున్నదాన్ని ఎవరు సరిచేస్తారు?

నేను చెప్పబోయేవన్నీ ఇదే వరస. పెద్దమనుషులు వద్దనేవి, చదువుకున్నవాళ్లు తప్పనేవి. గుంటూరు బ్రాడీపేటలో పొద్దున నడక అయ్యాక మేం కూర్చునే బల్ల దగ్గర ఇవి పనిచేయడం చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఆ బల్ల మీద రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమాస్తా, ఒక ఏసీ మెకానిక్, ఇద్దరు ముగ్గురు బ్యాంకు పింఛనుదారులు ఉంటారు. సెలవు రోజైతే టీ కొట్టాయన కూతురు కూడా వచ్చి నిలబడుతుంది, ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. సైంటిస్టు ఒక్కరూ లేరు.

మాట మొదలయ్యాక ఫోన్ బయటికి తీయకండి. తీసిన వాళ్ల చేత మళ్లీ జేబులో పెట్టించండి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగిన వారమంతా మా దగ్గర ఒకటే గొడవ. అమెరికా వాళ్ల అపోలో 11 1969 జులై 16న బయల్దేరి 20న దిగింది. మన చంద్రయాన్-3 జులై 14న బయల్దేరితే దిగేసరికి నలభై రోజులు పట్టింది. ఎందుకింత తేడా? ఫోన్‌ని అడిగితే మన రాకెట్ చిన్నది, ఇంధనం ఆదా అని ఒక్క ముక్కలో చెప్పేసేది. అందరం “ఓహో” అనుకుని ఇళ్లకు పోయేవాళ్లం. ఫోన్ తీయలేదు కాబట్టే గుమాస్తా అడిగాడు, “చిన్నదంటే ఎంత చిన్నది మాస్టారూ? సగమా, పదో వంతా?”

ఆ అంకె ముందు మీరే వేయండి. అసలేమీ తెలియకపోయినా వేయండి. పేపరు అంచు మీద రాసి పక్కన పేరు కూడా రాయండి, తర్వాత మాట మార్చడానికి వీల్లేకుండా. మా వాళ్లలో ఒకరు మూడు రెట్లన్నారు, ఒకరు పది, మాస్టారు ఇరవై. అందరూ రాశాకే అసలు లెక్క చూశాం. మన ఎల్‌వీఎం3 బరువు 640 టన్నులు. అపోలోను మోసిన శాటర్న్-5 సుమారు 2,900 టన్నులు. అంటే నాలుగున్నర రెట్లు. మూడు రాసినాయన గెలిచినట్టే. టీ కొట్టాయన కూతురు మాత్రం అక్కడితో వదల్లేదు. “రాకెట్ సరే, అది మోసుకెళ్లింది ఎంత?” అంది. శాటర్న్ చంద్రుడి దారి పట్టించింది 45 టన్నుల దాకా. మన వాహనం చంద్రుడి దారిలోకి కాదు, భూమి చుట్టూ కక్ష్యలోకి చేర్చింది 3.9 టన్నులు. పదకొండు రెట్లకు పైన తేడా! రాకెట్ నాలుగున్నర రెట్లే పెద్దదైనప్పుడు మోత పదకొండు రెట్లు ఎలా పెరిగింది? నలభై రోజుల ప్రశ్న కన్నా ఇది పెద్ద ప్రశ్న. అంకెలు రాసుకోకపోతే ఇది పుట్టేదే కాదు.

దీనికి జవాబు దొరకడానికి ఇంకో వారం పట్టింది. శాటర్న్ పైనున్న రెండు దశలూ ద్రవ హైడ్రోజన్‌ని మండిస్తాయి. కిలో ఇంధనానికి దక్కే తోపు అందులో ఎక్కువ. మన ఎల్‌వీఎం3కి పక్కన ఉండే రెండు బూస్టర్లలో ఒక్కోదానిలో సుమారు 200 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. నేల మీద నుంచి లేపడానికి దాని బలం గొప్పది గానీ కిలోకి కిలో లెక్కేస్తే గిట్టుబాటు తక్కువ. హైడ్రోజన్ మండేది చిట్టచివరి దశలోనే. అందుకని మన రాకెట్ చంద్రయాన్‌ని భూమికి ఒక పక్క 170 కిలోమీటర్లు, ఇంకో పక్క 36,500 కిలోమీటర్ల దూరంలో తిరిగే కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలిపెట్టింది. అక్కడి నుంచి దాని సొంత చిన్న ఇంజనే దిక్కు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా కాసేపు మండించి కక్ష్యను సాగదీస్తూ పోయారు. దగ్గరగా వచ్చినప్పుడే ఎందుకంటే వేగం అక్కడ ఎక్కువ, అదే ఇంధనానికి లాభం ఎక్కువ. ఇది విని గుమాస్తా, “ఉయ్యాల కిందికి వచ్చినప్పుడు తోసినట్టన్నమాట” అన్నాడు. ఐదుసార్లు అలా పెంచి, జులై 31 అర్ధరాత్రి దాటాక చంద్రుడి వైపు మళ్లించారు.

అదే నెలలో రష్యా లూనా-25ని ఆగస్టు 11న పంపింది. అది 21న దిగాల్సింది, 19నే కూలిపోయింది. “తొందరపడితే అంతే” అని ఒక పింఛనుదారు తేల్చేశారు. ఆ మాటను వెంటనే ఖండించకుండా రాసి ఉంచుకున్నాం. తర్వాత తెలిసింది, కక్ష్య తగ్గించేటప్పుడు ఇంజను 84 సెకన్లు మండి ఆగాల్సింది 127 సెకన్లు మండిందట. దగ్గరి దారికీ కూలడానికీ సంబంధం లేదు. ఆ పెద్దాయనే పేపరు తీసి తను రాసింది కొట్టేశారు.

అంకె ముందు వేయడం పిల్ల చేష్ట అనుకునేవాళ్లకు ఎన్రికో ఫెర్మీ సంగతి చెప్పండి. 1945 జులై 16న అమెరికా ఎడారిలో మొదటి అణుబాంబు పేల్చినప్పుడు ఆయన పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాడు. పేలుడు గాలి తన దాకా రాగానే చేతిలోని కాగితం ముక్కలు వదిలాడు. అవి రెండున్నర మీటర్ల అవతల పడ్డాయి. దాన్ని బట్టి అక్కడికక్కడే పది వేల టన్నుల టీఎన్‌టీకి సమానమని లెక్క చెప్పాడు. నిజానికి అది రెండింతలు దాటింది. అయినా ఆ అంచనాను ఈనాటికీ గౌరవంగా చెప్పుకుంటారు. వందా, లక్షా అని తేలకుండా ఉన్నదాన్ని వేలల్లో ఉందని చేతిలో కాగితం ముక్కలతో పట్టుకున్నాడు. మన బల్లకు ఆ మాత్రం చాలు.

ఇక నిపుణుడి సంగతి. బల్ల దగ్గర విషయం తెలిసిన మనిషి ఉంటే మొదటి పావుగంట అతన్ని మాట్లాడనివ్వకండి. అమర్యాదే, కానీ చేయండి. మొన్న మే నెలలో ఒక పింఛనుదారు, “ఇంటికెళ్లగానే ఏసీ 16లో పెట్టేస్తా. గది గబగబా చల్లబడుద్ది. ఆ తర్వాత 24కి తెచ్చుకుంటా” అన్నారు. ఏసీ మెకానిక్ నోరు తెరిచాడు.

“నువ్వాగవయ్యా కాసేపు,” అన్నారు మాస్టారు. “ఇంకో టీ తాగు. మేం తంటాలు పడి వస్తాం.”

గుమాస్తా 16 వైపు. ఇంకో పింఛనుదారు, అంత తేడా ఉండదు, కరెంటు బిల్లే వస్తుందని ఎదుటి వైపు. ఎవరి ఇంటి అనుభవం వాళ్లది. వాదన ఎటూ కదలకుండా ఉన్నప్పుడు టీ కొట్టాయన కూతురు అడిగింది. “అంకుల్, 16 అని నొక్కితే లోపల ఏం మారుద్ది? గ్యాస్ మారుద్దా, ఫ్యాన్ మారుద్దా, కంప్రెసర్ మారుద్దా?” బల్ల మీద అందరూ మెకానిక్ వైపు తిరిగారు. అదీ అతను మాట్లాడాల్సిన క్షణం.

“పాత ఏసీలో ఏమీ మారదమ్మా,” అన్నాడతను. “కంప్రెసర్ తిరిగితే పూర్తిగా తిరుగుద్ది, లేకపోతే ఆగిపోద్ది. 16 అన్నా 24 అన్నా తిరగడం ఒకటే తిరగడం. ఎక్కడ ఆగాలో చెప్పడానికే ఆ అంకె. 16 పెట్టి మర్చిపోయి పడుకుంటే తెల్లార్లూ ఆగదు, అంతే. ఇన్వర్టర్ ఏసీ అయితే గది చల్లబడే కొద్దీ కంప్రెసర్ నెమ్మదిస్తది. దాంట్లో 16 పెడితే నెమ్మదించకుండా లాగుతుంటది. చివరి రెండు మూడు డిగ్రీల దగ్గర కాస్త తేడా కనపడొచ్చు.”

అంటే రెండు పక్షాలకూ కొంత కొంత దక్కింది. ఇదే మాట అతను మొదటి నిమిషంలో చెప్పి ఉంటే ఎవరి చెవికీ ఎక్కేది కాదు. ఏమేం మారవచ్చో తన్నుకుని చూశాక విన్నాం కాబట్టి ప్రతి మాటకూ లోపల చోటు సిద్ధంగా ఉంది. పైగా అడగని సంగతి ఇంకోటి చెప్పాడు. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు ఆరబెట్టాలి, కరెంటులో కొంత దానికే పోతుంది. ఆ తేమే బయటి గొట్టంలోంచి బొట్లు బొట్లుగా పడేది. రాత్రికి ఎన్ని నీళ్లు పడతాయి? మళ్లీ పేపరు అంచు మీద అంకెలు పడ్డాయి. ఒకరు చెంబు అన్నారు, ఒకరు రెండు లీటర్లు. ఆ రాత్రి మాస్టారు గొట్టం కింద స్నానాల బకెట్ పెట్టారు. పొద్దున ముప్పావు బకెట్ ఉంది. అన్ని నీళ్లు కళ్లముందే గాలిలోంచి వచ్చాయంటే మా వాళ్లు రెండు రోజులు దాని గురించే మాట్లాడారు. ఉక్కపోత రోజున కిటికీ తెరిచి ఏసీ వేస్తే ఏమవుతుందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫ్యాను రెగ్యులేటర్ గొడవను కూడా ఇలాగే వదిలి చూడండి. స్పీడు తగ్గిస్తే కరెంటు ఆదా అవుతుందా, కాదా? పాత పెద్ద డబ్బా రెగ్యులేటర్లో మిగిలింది చాలావరకు వేడిగా పోయేది, చెయ్యి పెడితే తెలిసేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లో నిజంగానే ఆదా అవుతుంది. తాతా మనవడూ ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

అందరూ నవ్వే మనిషి పక్షాన చేరండి. మా బల్ల మీద ఒక పెద్దాయన ఉన్నారు. అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగలేదు, అంతా స్టూడియోలో తీశారు అంటారు. గాలి లేనిచోట జెండా ఎలా ఎగిరింది అంటారు. ఆయన్ని చూసి నవ్వితే ఆయన నమ్మకం ఇంకా గట్టిపడుతుంది, మనకు ఏమీ రాదు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. జెండా పై అంచున అడ్డంగా కడ్డీ పెట్టారు, అందుకే చాపినట్టు ఉంది అని మాస్టారు చెప్పారు. “సరే, అది వదిలేయండి. ఏం చూపిస్తే నమ్ముతారు బాబాయ్?” అని నేను అడిగాను. ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఆయన ఆలోచించి, “వాళ్లు అక్కడ పెట్టొచ్చిన వస్తువు ఇప్పటికీ పనిచేస్తుంటే నమ్ముతా” అన్నారు.

అలాంటిది ఉంది. అపోలో 11, 14, 15 వాళ్లు అక్కడ అద్దాల పలకలు ఉంచి వచ్చారు. ఇక్కడి నుంచి లేజర్ కాంతి పంపితే రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుంది. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు మననుంచి దూరం జరుగుతున్నాడని తెలిసింది వాటివల్లే. మా వాళ్లు గెలిచాం అనుకున్నారు. బాబాయ్ తలూపి, “రష్యావాళ్లు కూడా మనుషుల్లేని బండితో అద్దం పెట్టారని చదివానే?” అన్నారు. నిజమే! లూనోఖోద్ బండ్ల మీద అద్దాలున్నాయి. అద్దం ఉన్నంత మాత్రాన మనిషి వెళ్లినట్టు కాదు. బల్ల మీద అందరికన్నా పదునైన మాట ఆ రోజు ఆయనదే. దాంతో మేం ఇంకా గట్టి సాక్ష్యం వెతకాల్సి వచ్చింది. అపోలో వాళ్లు మొత్తం 382 కిలోల రాళ్లూ మట్టీ తెచ్చారు. ఆ కాలంలో మనుషుల్లేకుండా మూడుసార్లు వెళ్లి తెచ్చిన రష్యా లూనాలకు అన్నీ కలిపి దక్కింది మూడు వందల గ్రాముల చిల్లర. చంద్రుడి చుట్టూ తిరిగే అమెరికా ఎల్‌ఆర్‌ఓ తీసిన బొమ్మల్లో వ్యోమగాముల నడక జాడలు కనిపిస్తాయి. మన చంద్రయాన్-2 కూడా అపోలో 11 దిగినచోటును బొమ్మ తీసింది. “మన వాళ్లు తీశారా?” అని బాబాయ్ ఆగిపోయారు. నమ్మారో లేదో నేను అడగలేదు. ఆయన వాదించకపోతే 382 కిలోలకూ మూడు వందల గ్రాములకూ ఉన్న తేడా మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

సెల్ టవర్ భయం ఉన్నవాళ్లతోనూ అలాగే చేయండి. టవర్ తీసేయమనే వాళ్లు భయపడటంలో తప్పు లేదు, క్యాన్సర్ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ 2011లో రేడియో తరంగాలను “ఉండొచ్చేమో” అనే జాబితాలో పెట్టింది. అయితే వాళ్లను ఒక్కటి అడగండి: టవర్ దూరమైతే మీ చెవి దగ్గరున్న ఫోన్ ఏం చేస్తుంది? సిగ్నల్ అందడానికి ఇంకా గట్టిగా ప్రసారం చేస్తుంది. దూరం పెరిగే కొద్దీ టవర్ తరంగాలు చాలా వేగంగా పలచబడతాయి, ఫోన్ మాత్రం తలకు ఆనుకునే ఉంటుంది. అక్కడి నుంచి వాళ్లే ఆలోచిస్తారు.

ఒకచోట మాత్రం ఈ చిట్కాలన్నీ మడిచి లోపల పెట్టేయాలి. బల్ల మీద ఎవరికైనా ఛాతీలో నొప్పి అన్నా, షుగరు మాత్ర మానేద్దామా అన్నా అంచనాలు వేయకండి. లేపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రపంచ రాజకీయాలకు వస్తే, దేశాధినేతల పేర్లు ఎత్తకండి. పుతిన్, ట్రంప్, జిన్‌పింగ్ అన్న మాట రాగానే ఎవరు మొనగాడో తేల్చే పని మొదలవుతుంది. చరిత్ర కూడా ముందే తేకండి. కిరాణా కొట్టు చీటీతో మొదలుపెట్టండి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసినప్పుడు, మా దగ్గర ఆ సంగతి అందరికన్నా వివరంగా చెప్పింది టీ కొట్టాయన భార్య. మూకుడులో బజ్జీల నూనె ఆవిడదే మరి. పొద్దుతిరుగుడు నూనె అప్పట్లో మనకు అత్యధికంగా వచ్చేది ఉక్రెయిన్ నుంచి, ఆ తర్వాత రష్యా నుంచి. నల్లసముద్రం ఓడరేవులు మూతపడ్డాయి. జనం పామాయిల్ వైపు మళ్లారు. అదే సమయంలో ఇండోనేషియా, తన జనానికి వంటనూనె చాలడం లేదని ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ప్రపంచంలో పామాయిల్ అందరికన్నా ఎక్కువ పండించేది ఆ దేశమే. “రెండు వారాలు బజ్జీలు ఆపేశాం, గుర్తుందా?” అంది ఆవిడ. అప్పుడు ఏలూరు వైపు చుట్టాలున్న పింఛనుదారు ఇంకో కబురు చెప్పారు. అక్కడ ఆయిల్‌పామ్ రైతులకు గెలల ధర ఎన్నడూ లేనంత పలికింది. దేశంలో ఆయిల్‌పామ్ ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. ఒకే యుద్ధం వంటింట్లో నష్టం, తోటలో లాభం. ఇంత దూరం వచ్చాక పుతిన్ పేరు ఎత్తుకోండి, ఇబ్బంది లేదు.

రొయ్యల సంగతి ఇంకా మెలికలది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం మనం రష్యా నుంచి ముడిచమురు కొంటున్నందుకని చెప్పింది. మన రొయ్యలు ఎక్కువగా కొనేది అమెరికా, దేశంలో రొయ్యలు ఎక్కువగా పెంచేది ఆంధ్ర. అంటే రష్యాలో తోడిన చమురు మీద కోపం భీమవరం చెరువు గట్టు మీద దిగింది. కొనేవాళ్లు కౌంట్‌కి ఇంత అని చెప్పే ధర తగ్గించేశారు. కిలోకి ముప్ఫై తూగే పెద్ద రొయ్యా, వంద తూగే చిన్న రొయ్యా అన్నదాన్ని బట్టి ధర ఉంటుంది కదా. ముప్ఫై కౌంట్ అయ్యేదాకా మేత పెట్టాలా, వందలోనే పట్టేయాలా అని రైతు రాత్రికి రాత్రి తేల్చుకోవాల్సి వచ్చింది. ఇందులో నన్ను పట్టి ఉంచేది ఇంకోటి. మనం పెంచే వనామీ రొయ్య పుట్టిల్లు లాటిన్ అమెరికా పడమటి తీరం. మన దేశంలోకి 2009లో వచ్చింది. మనతో పోటీపడే ఈక్వడార్ అదే రొయ్యను దాని సొంత తీరంలో పెంచుతుంది, అమెరికాకు మనకన్నా దగ్గర, అప్పుడు దాని మీద సుంకం కూడా తక్కువ. ఈ మూడు ముక్కలూ తెలిశాక సుంకాల మీద ఎవరు ఉపన్యాసం ఇచ్చినా, “మరి ఈక్వడార్ సంగతేంటి?” అని అడగవచ్చు.

“ఖాయం”, “నూటికి నూరు శాతం”, “ఇందులో అనుమానమే లేదు” అన్నవాళ్ల చేత ఆ పూట టీ డబ్బులు కట్టించండి. ఇది నేను కనిపెట్టింది కాదు. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే ఇరవయ్యొక్కేళ్ల ప్రింటింగ్ పనివాడు తన స్నేహితులను కూడగట్టి శుక్రవారం సాయంత్రాలు ఇలాంటి కూటమి నడిపాడు. గట్టిగా తేల్చి చెప్పినా, ఎదుటివాణ్ణి నేరుగా ఖండించినా చిన్న జరిమానా ఉండేది. చెప్పులు కుట్టే పని నేర్చినవాడు, వడ్రంగి, అద్దాలు బిగించేవాడు అందులో సభ్యులు. ఆ అద్దాల పనివాడు థామస్ గాడ్‌ఫ్రే సొంతంగా గణితం నేర్చుకుని, ఓడవాళ్లు సూర్యుడి ఎత్తు కొలిచే పరికరం తయారుచేసినంతవాడు. కానీ ప్రతి మాటకూ లెక్కల్లో ఉండే కచ్చితత్వం కావాలని పేచీ పెట్టేవాడు. తొందరలోనే కూటమి వదిలేశాడు. అంత తెలివైనవాడు పోయినా కూటమి నిలబడింది.

చివరిగా, ఊరి గొప్ప ఏదైనా ఉంటే దాని మీదే అనుమానపడండి. సొంత ఊరిని తక్కువ చేస్తావా అని తిడతారు, తిట్టనివ్వండి. మా ఊరి గొప్ప హీలియం. “హీలియం కనిపెట్టింది గుంటూరులో” అని బడి పిల్లల నుంచి ఎమ్మెల్యేల దాకా చెబుతారు. జరిగింది ఇదీ: 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని రంగులుగా విడదీసి చూశాడు. మచిలీపట్నంలో పాగ్సన్ అనే ఇంకొకాయన చూశాడు. ఆ రంగుల్లో ఒక పసుపు గీత ఉంది. చూసినవాళ్లు దాన్ని సోడియం గీత అనుకున్నారు. జాన్సెన్‌కి పట్టింది వేరే ఆలోచన: ఈ గీతలు ఇంత కాంతిగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా చూడవచ్చు కదా? మర్నాడు పొద్దున గుంటూరులోనే మామూలు ఎండలో ఆ జ్వాలలను పట్టుకున్నాడు. అదీ ఇక్కడ జరిగిన నిజమైన కొత్త పని. రెండు నెలల తర్వాత ఇంగ్లండులో నార్మన్ లాక్యర్, జాన్సెన్ సంగతి తెలియకుండానే అదే పద్ధతి సాధించాడు. ఆ పసుపు గీత సోడియానిది కాదు, భూమ్మీద తెలియని పదార్థానిదని తేల్చినవాళ్లలో ముందువాడు లాక్యర్. దాన్ని భూమ్మీద పట్టుకోవడానికి 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇది చెప్పినరోజు బల్ల మీద పెద్ద గొడవైంది. గుమాస్తాకి కోపం వచ్చింది. నాకు మాత్రం అసలు కథే ఎక్కువ గర్వంగా అనిపిస్తుంది. గ్రహణం అయిపోయాక మూటాముల్లె సర్దుకోకుండా మర్నాడు కూడా దూరదర్శిని తిప్పిన మనిషి మా ఊళ్లో నిలబడ్డాడు. హీలియం దొరికింది అని ఒక్క ముక్కలో చెబితే ఆ మర్నాడు కథలోంచి ఎగిరిపోతుంది.

ఆ గొడవ అక్కడ ఆగలేదు. మాస్టారికి నడుం నొప్పికి అప్పుడే ఎంఆర్ఐ తీశారు. ఆ యంత్రంలోని అయస్కాంతం తీగలను మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచేది ద్రవ హీలియమే. పాత నమూనా యంత్రాల్లో వెయ్యి లీటర్ల పైన పడుతుంది, ఈమధ్య వచ్చిన కొన్నింటిలో పది లీటర్లలోపే. ఇంత హీలియం ఎక్కడిది? సూర్యుడి నుంచి తెచ్చింది కాదు. భూమి లోపల యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా విచ్ఛిన్నమవుతూ విడిచిన వాయువు సహజవాయువుతో కలిసి ఉంటుంది, దాన్ని విడదీస్తారు. పెద్దఎత్తున విడదీసే దేశాల్లో ఖతర్ ఒకటి. 2017 జూన్‌లో సౌదీ, దాని మిత్రదేశాలు ఖతర్‌తో తెగతెంపులు చేసుకుని సరిహద్దు మూసేస్తే అక్కడి హీలియం కర్మాగారాలు రెండూ ఆగిపోయాయి. గల్ఫ్‌లో అన్నదమ్ముల్లాంటి రాజుల మధ్య పేచీ వస్తే ప్రపంచంలో స్కానింగ్ సెంటర్ల వాళ్లు సిలిండర్ల కోసం వెతుక్కున్నారు. సైన్సు, రాజకీయం, ఇంటి పక్క యంత్రం, మూడూ ఒకే గీతలో వచ్చాయి. ఊరి గొప్పను అనుమానించకపోతే ఇవేవీ బల్ల మీదికి వచ్చేవి కావు.

వాదన ఆ రోజుకారోజు తేల్చేయాలని చూడకండి. తేలనిదాన్ని అలాగే వదిలి లేవండి. ఇప్పుడు మా దగ్గర నడుస్తున్నది సోలార్ పలకల సంగతి. ఒక పింఛనుదారు డాబా మీద పలకలు వేయించుకున్నారు. మండే మే నెలలో యూనిట్లు ఎక్కువ రావాలని గుమాస్తా అంటాడు. పలకలు వేడెక్కితే దిగుబడి తగ్గుతుందని మెకానిక్ అంటాడు. పగలు పొడుగు కదా అని మాస్టారు, మార్చిలో ఆకాశం ఇంకా తేటగా ఉంటుందని టీ కొట్టాయన కూతురు. ఏ రోజుకు ఎన్ని యూనిట్లు వచ్చాయో ఆయన ఫోన్లో ఉంది. అందరి అంకెలూ రాసేదాకా చూపించొద్దన్నాం.